ఎ విటమిన్ మాత్రలతో రక్త క్యాన్సర్ తగ్గదు

సంపాదకులకు,

తెల్ల రక్తకణాలు పరిపక్వం కాకుండా ఆగిపోయే రక్త క్యాన్సర్ అక్యూట్ ప్రోమైలోసైటిక్ ల్యుకేమియా (ఏపీఎల్) గురించి మీ ఆరోగ్య పేజీలో వచ్చిన వ్యాసం, ఎ విటమిన్ క్యాన్సర్ కణాలను చంపుతుందని చెప్పింది. చంపదు. ఆ మాట నమ్మి రోగికి క్యారెట్ రసం, విటమిన్ మాత్రలు ఇస్తూ ఆసుపత్రికి ఆలస్యం చేస్తారేమోనని ఈ ఉత్తరం.

ఎ విటమిన్ నుంచి శరీరం రెటినోయిక్ ఆమ్లాన్ని తయారుచేసుకుంటుంది. దాన్ని అందుకునే గ్రాహక ప్రోటీన్ ఆర్ఏఆర్-ఆల్ఫా. అది కణ కేంద్రకంలో డీఎన్ఏనే అంటిపెట్టుకుని ఉంటుంది. ఆమ్లం అందనప్పుడు ఊరికే ఉండదు. ఎన్‌కోర్, స్మర్ట్ అనే సహనిరోధకాలను, అంటే జన్యువులను పనిచేయనివ్వని ప్రోటీన్లను, పట్టుకుంటుంది. వాటి వెంట వచ్చే హెచ్‌డ్యాక్3 ఎంజైము, డీఎన్ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ ప్రోటీన్ల మీది ఎసిటైల్ అనే రసాయన గుంపులను ఊడ్చేస్తుంది. డీఎన్ఏ బిగుసుకుపోతుంది, తెల్ల రక్తకణం పరిపక్వం కావడానికి కావలసిన జన్యువులు మూగబోతాయి. ఆమ్లం వచ్చి ఇమిడితే గ్రాహకం చివరి భాగం మడత పడి, నిరోధకాలకు పట్టు దొరకదు. అవి తొలగిపోతాయి, జన్యువులు తెరుచుకుంటాయి. మామూలు కణంలో ఇందుకు నానోమోలార్ స్థాయి, అంటే అతి కొద్ది గాఢతలో ఆమ్లం చాలు.

ఏపీఎల్‌లో 15, 17 క్రోమోజోముల ముక్కలు తారుమారై పీఎంఎల్ అనే మరో ప్రోటీన్, ఆర్ఏఆర్-ఆల్ఫా అతుక్కున్న ప్రోటీన్ పుడుతుంది. ఈ అతుకు ప్రోటీన్లు గుంపు కట్టి నిరోధకాలను గట్టిగా పట్టుకుంటాయి. మైక్రోమోలార్ స్థాయి, అంటే సుమారు వెయ్యి రెట్లు అందితే తప్ప వదలవు. అందుకే మందు రూపంలో ఇచ్చే రెటినోయిక్ ఆమ్లం, ఆట్రా, మోతాదు చదరపు మీటరుకు రోజుకు 45 మి.గ్రా. శరీర ఉపరితలం 1.6 చ.మీ. ఉన్నవారికి 72 మి.గ్రా.: పది మిల్లీగ్రాముల క్యాప్సూల్స్ రోజు మొత్తానికి సుమారు ఏడు, రెండు పూటలకు పంచి భోజనంతో. క్యారెట్ ఎంత తిన్నా శరీరం తనకు కావలసినంతే మార్చుకుంటుంది, మిగతాది చర్మాన్ని పసుపు రంగుకు మారుస్తుంది. రెటినాల్ (ఎ విటమిన్) మాత్రలు అతిగా మింగితే కాలేయమే దెబ్బతింటుంది.

1988లో ప్రచురించిన అధ్యయనంలో, షాంఘైలో చైనా వైద్యుడు వాంగ్ జెన్‌యీ బృందం ఆట్రా ఇచ్చిన 24 మందికీ జబ్బు అదుపులోకి వచ్చింది, కణాలను చంపే మందులతో అయ్యేట్టు ఎముక మూలుగ మాత్రం ఖాళీ కాలేదు. కణాలు చావకుండా పరిపక్వం అవుతున్నాయనడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి? 11, 17 క్రోమోజోములు తారుమారైన అరుదైన రకంలో మాత్రం పీఎంఎల్ స్థానంలో చేరే పీఎల్‌జడ్ఎఫ్ భాగమే నిరోధకాలను విడిగా పట్టుకుంటుంది కనుక ఆట్రా ఒక్కదానితోనే ఫలితం ఉండదు.

మీ వ్యాసంలో లేనిది, చెప్పి తీరాల్సింది ఇంకొకటి: ఏపీఎల్‌లో తొలి రోజుల్లో ప్రాణం తీసేది రక్తస్రావం. అనుమానం రాగానే, జన్యు పరీక్ష ఫలితం కోసం ఆగకుండా ఆట్రా మొదలుపెట్టాలి, ప్లేట్‌లెట్లు మైక్రోలీటరు రక్తానికి 30–50 వేలకు తగ్గకుండా చూడాలి. మందు మొదలయ్యాక జ్వరం, ఆయాసం, ఒక్కసారిగా బరువు పెరగడం కనిపిస్తే అది ఈ మందు వల్ల వచ్చే ప్రమాదకర దుష్ప్రభావం, డిఫరెన్షియేషన్ సిండ్రోమ్, కావచ్చు. డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ 10 మి.గ్రా. పన్నెండు గంటలకోసారి వెంటనే ఇవ్వాలి.

– రక్తవ్యాధుల వైద్యుడు, విశాఖపట్నం