నానీకి

నానీ,

ఇక్కడ అందరం కులాసా. మొన్నటి గాలికి మేడ మీద ట్యాంకు మూత ఎగిరిపోతే మీ నాన్న తాడేసి కట్టారు, మళ్ళీ ఎగిరిపోయింది. బుజ్జికి ప్రాక్టికల్స్. రైతుబజారులో లేత వంకాయలు దొరికాయి. అక్కడే గిరి వాళ్ళమ్మ కనబడింది. నీకు ఎడమ పక్క ఛాతీలో పట్టేసిందటగా? గ్యాస్ మాత్ర వేసుకుని ఆఫీసుకు వెళ్ళిపోయావటగా? నాకు ముందే తెలిసినట్టు తలూపి వచ్చేశాను. ఫోన్లో అడిగితే "ఏం లేదమ్మా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను.

పై వాటా ఖాళీ అయింది. ఈసారి పెళ్ళైనవాళ్ళకే ఇస్తానంటున్నారు నాన్న.

అది గ్యాసేనని నీకు ఎవరు చెప్పారు? ఊపిరి గట్టిగా పీలిస్తే పొడిచిందా? భుజంలోకి లాగిందా? మెట్లెక్కితే ఆయాసం వస్తోందా? చిట్టి మావయ్యదీ నీ ఒళ్ళే, తాటిచెట్టంత పొడుగు, సన్నం. డిగ్రీ అయిన ఏడు, పరుగెత్తలేదు, బరువెత్తలేదు, కంచం ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే "అమ్మా" అని పక్క పట్టుకున్నాడు. అమ్మమ్మ వాము నీళ్ళిచ్చింది. పెద్ద తాతయ్య సోడా తాగించారు. ఎవరో నరం పట్టిందన్నారని తైలం రాశాం. కొంచెం తగ్గినట్టే ఉండి, పెదవాల్తేరులో ఎత్తు ఎక్కుతూ రోడ్డు పక్కనే కూలబడ్డాడు. ఛాతీ ఆసుపత్రి దగ్గరే కాబట్టి సరిపోయింది. డాక్టరు వింటే ఒక పక్క ఊపిరి చప్పుడే లేదు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తి ముడుచుకుపోయి ఉంది. న్యూమోథొరాక్స్ అన్నారు. ఊపిరితిత్తి పైకొసన చిన్న పొక్కులుండి, చిట్లితే గాలి బయటికొచ్చి పక్కటెముకల లోపల చేరుతుందట. చంక కింద గొట్టం వేసి, రెండో కొస నీళ్ళ సీసాలో పెట్టారు. వాడు దగ్గినప్పుడల్లా సీసాలో బుడగలు. పెద్ద మావయ్య అడ్డంగా ఉందని ఆ సీసా తీసి మంచం మీద పెట్టబోతే నర్సు వేసిన కేకకి వార్డంతా లేచింది. సీసా ఎప్పుడూ ఛాతీ కంటే కిందే ఉండాలి, లేకపోతే ఆ నీళ్ళు లోపలికి పోతాయి. ఇప్పటికీ పెద్ద మావయ్య ఆ వార్డు పేరెత్తితే మాట మార్చేస్తాడు. ఏడాది తిరక్కుండా చిట్టి మావయ్యకి అదే పక్క మళ్ళీ వచ్చింది, అప్పుడు ఆపరేషనే చేశారు.

నీకు క్లాసు పీకడానికి కాదు ఇదంతా. అందరికీ గొట్టం వెయ్యరు. కొంచెమే అయితే కనిపెట్టి చూస్తారు, దానంతటదే సర్దుకుంటుంది. ఇంకాస్త ఎక్కువైతే సూదితో గాలి లాగుతారు. ఆ మాట డాక్టరు చెప్పాలి, నీ రూమ్మేటు కాదు. ఆయాసం పెరుగుతున్నా, చెమటలు పట్టి కళ్ళు తిరిగినా, పెదాలు నీలంగా మారినా వెంటనే 108కి ఫోన్ చెయ్యి, బైకు తియ్యకు. లోపల గాలి పెరిగి గుండెని పక్కకి నెట్టేసిందంటే ఎక్స్‌రే దాకా కూడా ఆగరు, అక్కడికక్కడే సూది గుచ్చుతారు.

గిరి వాళ్ళమ్మ ఇంకో మాట కూడా అంది. అది నేను రాయను. చిట్టి మావయ్య జేబులో ఏముండేదో నీకు తెలుసు, డాక్టరు మొదట దాన్నే మానిపించాడు.

పండక్కి విమానం టికెట్టు కొన్నావట, బుజ్జి చెప్పింది. ఎక్స్‌రే తీయించుకోకుండా ఎక్కకు, పైకి వెళ్ళేకొద్దీ లోపల చిక్కుకున్న గాలి ఉబ్బుతుంది. రుషికొండలో స్కూబా అన్నావు కదా, ఒకవేళ ఇదే అయితే ఆ మాట మరిచిపో. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో కింది బెర్తు చూస్తానన్నారు నాన్న. దారిలో తినడానికి పులిహోర ఎవరైనా చేసిస్తారా?

నీ అకౌంట్లో కొంచెం డబ్బు వేశాను, ఎక్స్‌రేకే. రిపోర్టు బుజ్జి ఫోన్‌కి పంపు, నాన్నకి వద్దు, ఆయన బీపీ సంగతి తెలుసుగా. రేపే వెళ్ళు, శనివారం దాకా ఆగకు.

అమ్మ