బరువు తగ్గే ఆపరేషన్ అయినవాళ్ల మందు సంగతి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఆదివారం వచ్చిందంటే మీ పేపర్ జిల్లా ఎడిషన్‌లో బరువు తగ్గించే ఆపరేషన్ల ప్రకటనలు ఒకటో రెండో ఉంటున్నాయి. పక్కపక్కనే రెండు ఫొటోలు, ఎడమవైపు పొట్టతో, కుడివైపు ప్యాంటు వదులై నవ్వుతూ. అప్పుడప్పుడూ డాక్టర్ గారి వ్యాసం కూడా వేస్తున్నారు. ప్రొటీన్ ఎంత తినాలి, నీళ్లు గుటకగుటకగా ఎలా తాగాలి, వాకింగ్ ఎప్పుడు మొదలుపెట్టాలి, అన్నీ ఉంటాయి. మందు గురించి మాత్రం చివర్లో 'మద్యపానం, ధూమపానం మానుకోవాలి' అని ఒక ముక్క. ఆ ముక్క షుగర్ మీద రాసినా ఉంటుంది, బీపీ మీద రాసినా ఉంటుంది, కాబట్టి చదివేవాడు దాటేసి పోతాడు. ఈ ఆపరేషన్ విషయంలో అది దాటేసే మాట కాదు. అందుకే ఈ ఉత్తరం.

నాది కావలిలో మందుల షాపు. మా వైపు నుంచి ఈ ఆపరేషన్‌కి ఎక్కువమంది చెన్నై పోతారు, ఒంగోలు వైపు వాళ్లు గుంటూరు, విజయవాడ, లేదంటే హైదరాబాద్. రొయ్యల చెరువుల వాళ్లు, గ్రానైట్ వ్యాపారంలో ఉన్నవాళ్లు, పెళ్లి కావాల్సిన పిల్లలు, కాన్పుల తర్వాత బరువు పెరిగిపోయిన ఆడవాళ్లు, అన్ని రకాల వాళ్లూ ఉన్నారు. డిశ్చార్జి కాగితం పట్టుకుని విటమిన్లకీ క్యాల్షియానికీ నా దగ్గరకు వస్తారు. మొదటి ఆరు నెలలు చీటీలో రాసింది రాసినట్టు కొంటారు. తర్వాత ఒక్కొక్కటే తగ్గిస్తారు. ఏడాదిన్నర దాటాక కొంతమంది విటమిన్లు మానేసి గ్యాస్ బిళ్లలు, వాంతుల బిళ్లలు, నిద్ర బిళ్లలు అడగడం మొదలుపెడతారు. అందరూ కాదు. చాలామంది బాగున్నారు, షుగర్ మందులు ఆపేసినవాళ్లున్నారు, గురకకి రాత్రిళ్లు పెట్టుకునే మిషన్ అటక మీద పడేసినవాళ్లున్నారు. ఆపరేషన్ చెడ్డదని నేననడం లేదు, బరువు వంద దాటి మోకాళ్లు పోయిన మనిషికి అది కొత్త జీవితమే. కానీ ఆపరేషన్ తర్వాత తాగే మందు (మద్యం) ఒంట్లో పనిచేసే తీరే మారిపోతుందన్న సంగతి, రోగికి కాకపోయినా కనీసం ఇంట్లో ఒకరికైనా, ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలా వద్దా?

మామూలు మనిషి తాగిన మందు కొంతసేపు కడుపులో ఆగుతుంది. అక్కడే కొంచెం అరుగుతుంది కూడా, మిగతాది కింద ఉన్న కవాటం గుండా మెల్లగా పేగులోకి దిగుతుంది. ఈ ఆపరేషన్లలో బైపాస్ అనే రకంలో (గుండెకి చేసేది కాదు) పైన చిన్న సంచిలాగా ఒక ముక్క మాత్రం ఉంచి, మిగతా కడుపునూ ఆ కవాటాన్నీ పక్కన పెట్టి, ఆ సంచిని నేరుగా చిన్నపేగుకి కలుపుతారు. ఇక మందు ఆగేదెక్కడ? తాగిన పది నిమిషాల లోపే రక్తంలో తారస్థాయికి ఎక్కేస్తుంది, ఎక్కడం కూడా ముందుకంటే దాదాపు రెట్టింపు ఎక్కుతుంది. బైపాస్ అయిన ఆడవాళ్ల మీద అమెరికాలో పరీక్ష చేసి చూస్తే, రెండు డ్రింకులకే నాలుగు డ్రింకులు తాగినంత మందు రక్తంలో కనిపించింది. స్లీవ్ అనే ఇంకో రకం ఆపరేషన్‌లో కడుపులో మూడొంతుల పైన కోసి తీసేస్తారు, కవాటం ఉంటుంది. దాని మీద జరిగిన పరిశోధనలు అన్నీ ఒకేమాట చెప్పడం లేదు గానీ, కడుపు తొందరగా ఖాళీ అవడం అక్కడా ఉంది, కాబట్టి 'నాది స్లీవే కదా' అని ధైర్యం చేయడానికేమీ లేదు.

మన లెక్కలో చెప్తాను. డాక్టర్లు ఒక డ్రింక్ అనేది 30 మి.లీ. చిన్న పెగ్గుని. క్వార్టర్ అంటే 180 మి.లీ., ఆరు డ్రింకులు. 2024 అక్టోబర్‌లో వచ్చిన కొత్త మద్యం పాలసీతో చవక రకం క్వార్టర్ 99 రూపాయలకే దొరకడం మొదలైంది. బైపాస్ అయిన మనిషి క్వార్టర్ తాగితే హాఫ్ తాగినంత ఎక్కుతుంది, అదీ ఖాళీ కడుపు మీద, ఎందుకంటే అతను మనలాగా పక్కన కోడివేపుడు లాగించలేడు. రెండు ముక్కలకే కడుపు నిండిపోతుంది. ఆ తర్వాత బండెక్కుతాడు. చట్టం ప్రకారం బండి నడిపే మనిషి రక్తంలో 100 మి.లీ.కి 30 మిల్లీగ్రాములు దాటకూడదు. ఒక్క లార్జే కదా అని హైవే ఎక్కిన మనిషి ఆ గీతను ఎప్పుడో దాటేసి ఉంటాడు, తనకి తెలియకుండానే.

ఇంకో విషయం దీనికంటే పెద్దది. అమెరికాలో పది హాస్పిటళ్లలో ఈ ఆపరేషన్ చేయించుకున్న 1,945 మందిని వెంటాడి చూసిన పరిశోధన 2012లో వచ్చింది. తాగుడు జబ్బు లక్షణాలు ఆపరేషన్‌కి ముందు ఏడాదిలో 7.6 శాతం మందిలో ఉన్నాయి. ఆపరేషన్ అయిన మొదటి ఏడాది 7.3 శాతం. దాదాపు మార్పు లేదు. రెండో ఏడాది 9.6 శాతానికి పెరిగింది. అదే బృందం ఇంకా ముందుకెళ్లి చూస్తే, బైపాస్ అయినవాళ్లలో అయిదేళ్ల లోపల దాదాపు అయిదో వంతు మందికి ఆ లక్షణాలు వచ్చాయి. మగవాళ్లు, చిన్న వయసువాళ్లు, సిగరెట్ తాగేవాళ్లు, ముందు నుంచీ క్రమం తప్పకుండా మందు పుచ్చుకునేవాళ్లు, గంజాయి లాంటివి అలవాటున్నవాళ్లు, తనకంటూ నలుగురున్నారన్న భరోసా లేనివాళ్లు, వీళ్లకి ముప్పు ఎక్కువ అని తేలింది. వాళ్ల ఊరు వేరు, మన ఊరు వేరు అనొచ్చు. ఒంట్లో పేగులు మాత్రం ఒకటే.

రెండో ఏడాది అన్న మాట దగ్గర కాసేపు ఆగండి. మొదటి ఏడాది మనిషి భయంగా ఉంటాడు, కుట్లు గుర్తుంటాయి, నెలనెలా చెన్నై పోయి చూపించుకుంటాడు, ఇంట్లో వాళ్లు కళ్లలో వత్తులు వేసుకుని కాపలా కాస్తారు. రెండో ఏడాదికి బరువు తగ్గిపోయింది, అందరూ పొగుడుతున్నారు, హాస్పిటల్‌కి పోవడం ఆగిపోయింది, పెళ్లిళ్లకీ ఫంక్షన్లకీ పిలుపులు పెరిగాయి. "ఇంత సన్నబడినావు, ఒకటేస్తే ఏమైద్ది బావా" అనేవాళ్లు ప్రతి టేబుల్ దగ్గరా ఉంటారు. మా మేనమామ కొడుక్కి సరిగ్గా ఇట్లాగే జరిగింది. ఆపరేషన్‌కి ముందు నెలకి ఒకటి రెండుసార్లు బీర్ తాగే మనిషి. ఇప్పుడు పొద్దున్నే చేతులు వణుకుతున్నాయి. చుట్టాలంతా "తిండి మీద యావ పోయింది కదా, అది మందు మీదకి మళ్లింది" అని తీర్పు చెప్పేశారు. అందులో కొంత నిజం ఉండొచ్చు, ఇన్నాళ్లూ దిగులు పుడితే తిండితో తీర్చుకున్న మనిషికి ఆ దారి మూసేశారు. కానీ మందు అంత తొందరగా, అంత ఎత్తుకి ఎక్కడం మొదలైతే దానికి మెదడు అలవాటు పడటం కూడా తేలికవుతుంది. దీన్ని మనిషి బుద్ధి కింద లెక్కేసి నాలుగు తిట్టి ఊరుకుంటే లాభం లేదు.

ఇక నా కౌంటర్ దగ్గర కనిపించేవి.

తాగిన మర్నాడు తలనొప్పి, ఒళ్లునొప్పులు అని డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ అడుగుతారు. బైపాస్ అయినవాళ్లకి సంచినీ పేగునీ కుట్టిన చోట పుండు పడటానికి ఈ బిళ్లలు పెద్ద కారణం, సిగరెట్ ఇంకో కారణం. రెండూ ఉన్న మనిషికి రక్తపు వాంతి దాకా పోవచ్చు. ఏ షాపుకి పోయినా ముందుగా 'నాకు కడుపు ఆపరేషన్ అయింది' అని చెప్పాలి. మేం అడగాలి, అది కూడా ఒప్పుకుంటాను, కానీ సన్నగా ఉన్న మనిషిని చూసి మాకెట్లా తెలుస్తుంది?

నిద్ర పట్టడం లేదని అల్ప్రాజోలం అడుగుతారు, నొప్పికని ట్రమడాల్ అడుగుతారు. ఈ రెండూ రిజిస్టర్‌లో రాసి, డాక్టర్ చీటీ ఉంటేనే ఇవ్వాల్సినవి. ట్రమడాల్‌ని 2018లో మాదకద్రవ్యాల చట్టం కిందకి కూడా తెచ్చారు. చీటీ లేదంటే పక్క సందులో ఇస్తారని మా ముఖం మీదే చెప్పి పోతున్నారు. మద్యంతో కలిపి ఇవి వేసుకుంటే నిద్రలోనే ఊపిరి మందగిస్తుంది, పొద్దున లేపితే లేవరు.

ఇంకొకటి, రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. "మా ఆయనకి తెలియకుండా కూరలో కలిపే బిళ్ల ఇవ్వండన్నా" అని ఆడవాళ్లు వస్తారు. వాళ్లు అడిగేది తాగుడు మాన్పించే డైసల్ఫిరామ్. అది మనిషికి చెప్పి, అతను ఒప్పుకున్నాక, డాక్టర్ చూపులో ఇవ్వాల్సిన మందు. తెలియకుండా పెడితే, ఆ మీద అతను తాగితే, ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి ప్రాణం మీదకి వస్తుంది. ఆపరేషన్ అయిన మనిషికైతే వాంతులు మామూలు విషయమే కాదు. ఆ తల్లుల మీద నాకు కోపం లేదు, వాళ్లకి ఇంకో దారి ఎవరూ చూపలేదు.

వాంతుల మాట వచ్చింది కాబట్టి అందరికంటే మా పల్లెల్లో ఆర్ఎంపీలు చదవాల్సింది ఇది. ఈ ఆపరేషన్ అయినవాళ్లు తిండి తక్కువ, విటమిన్ బిళ్లలు మానేసి ఉంటారు, దానికి తాగుడు కలిస్తే ఒంట్లో బి1 విటమిన్ అడుగంటిపోతుంది. రోజుల తరబడి వాంతులైతే ఇంకా. అప్పుడు మనిషి తూలుతాడు, చూపు రెండుగా కనబడుతుంది, మాట తికమకగా ఉంటుంది. చూసేవాళ్లు తాగి ఉన్నాడనుకుంటారు. నీరసమని గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తారు, మన దగ్గర ఏ జబ్బుకైనా అదే కదా మొదటి వైద్యం. బి1 ఇంజెక్షన్ లేకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే ఉన్న కొంచెం బి1 కూడా ఖర్చయిపోయి మెదడు శాశ్వతంగా దెబ్బతినే ప్రమాదం ఉంది. అట్లాగని షుగర్ పడిపోయి ఉన్న మనిషికి గ్లూకోజ్ ఆపమని కాదు, దాంతోపాటే బి1 ఇవ్వాలి. బైపాస్ అయిన కొందరిలో తాగకపోయినా షుగర్ పడిపోతుంటుంది, తాగితే మరీ. చెమటలు పట్టి, వణుకుతూ, ఏదో మాట్లాడుతుంటే 'దిగిన తర్వాత చూద్దాంలే' అని పక్కకి పడుకోబెట్టకండి. ఇంట్లో షుగర్ మిషన్ ఉంటే వేలు పొడిచి చూడటానికి నిమిషం పట్టదు. తక్కువుంటే, తెలివి తప్పుతుంటే నేరుగా పెద్దాసుపత్రికి పోవాలి, పోయాక ఆపరేషన్ సంగతీ మందు సంగతీ రెండూ చెప్పాలి.

గంజాయి గురించి తక్కువే రాస్తాను, నాకు తెలిసింది తక్కువ కాబట్టి కాదు, రాస్తే కుర్రాళ్లు ఎగతాళి చేస్తారు కాబట్టి. ఆకలి తగ్గించడానికి లక్షలు పోసి ఆపరేషన్ చేయించుకుని, ఆకలి పెంచే గంజాయి పీల్చడంలో అర్థం ఏముంది? ఎక్కువ కాలం వాడినవాళ్లకి ఆగని వాంతులు వస్తాయి, పైన చెప్పిన బి1 గొడవ మళ్లీ మొదలవుతుంది. ఆపరేషన్‌కి ముందు మత్తు ఇచ్చే డాక్టర్ అడిగితే గంజాయి, మందు, మాత్రలు ఏవున్నా దాచకుండా చెప్పాలి, మత్తు మోతాదు దాన్ని బట్టి మారుతుంది. రోజూ బాగా తాగే మనిషి 'రేపు ఆపరేషన్' అని ఇవాళ హఠాత్తుగా మానేసినా ప్రమాదమే, ఫిట్స్ రావచ్చు. అది కూడా డాక్టర్‌కి ముందే తెలియాలి. అమ్మానాన్నల ఎదురుగా అడిగితే ఏ పిల్లాడు నిజం చెప్తాడు? హాస్పిటల్ వాళ్లు విడిగా అడగాలి. విడిగా అడిగి, ఒప్పుకుంటే, ఇంట్లో ఒకరికి ఏం జాగ్రత్తలో చెప్పాలి. కనీసం ఏడాది ముట్టుకోవద్దనీ, ముందు నుంచి అలవాటున్నవాళ్లు అసలే వద్దనీ డిశ్చార్జి కాగితం మీద తెలుగులో, కళ్లకి కనబడే అక్షరాల్లో ఉండాలి.

మాది సారా మీద తిరగబడ్డ జిల్లా. 1992లో కలిగిరి మండలం దూబగుంట ఆడవాళ్లు మొదలుపెడితే మరుసటి ఏడాదికల్లా రాష్ట్రమంతా సారా ఆగిపోయింది, 1995లో మొత్తం మద్యనిషేధమే వచ్చింది, రెండేళ్లకి అది పోయింది లెండి. ఇప్పుడు నేను నిషేధం అడగడం లేదు. ఆ ప్రకటనల కింద మీరు రెండు మూడు నంబర్లు వేయండి చాలు: మత్తు అలవాటు మానాలనుకునేవాళ్లకి కేంద్రం హెల్ప్‌లైన్ 14446, మనసు బాగాలేనివాళ్లకి టెలిమానస్ 14416, గంజాయి అమ్మకాల మీద సమాచారం ఇవ్వాలంటే రాష్ట్రంలో మాదకద్రవ్యాలని అరికట్టే ఈగల్ దళం వాళ్ల 1972. మొదటి రెండింటికి ఫోన్ చేస్తే పోలీసులు రారు, ఆ భయంతోనే చాలామంది చేయరు.

ఇంకా వీలైతే ఈ ఆపరేషన్లు చేసే డాక్టర్ ఎవరితోనైనా ప్రశ్నలు జవాబులు పెట్టండి, బరువు గురించి కాదు, దీని గురించే. ప్రశ్నలు నేనే పంపిస్తాను. మొదటిది ఇప్పుడే రాస్తున్నాను: రెండేళ్లు దాటాక పేషెంటు చూపించుకోవడానికి రాకపోతే మీ హాస్పిటల్ నుంచి ఎవరైనా ఫోన్ చేస్తారా, చేస్తే మందు గురించి అడుగుతారా?

ఇట్లు,
ఒక మందుల షాపు యజమాని,
కావలి, నెల్లూరు జిల్లా.