మూత చూడకుండా కార్బ్యురేటర్ మార్చేశారు

విజయవాడ

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: అవసరం లేకుండా కార్బ్యురేటర్ మార్చి వసూలు చేసిన డబ్బు వాపసు గురించి.

అయ్యా,

నాది మీ కంపెనీ 2018 మోడల్ బండి, కార్బ్యురేటర్‌ది. వన్‌టౌన్‌లో మాకు కిరాణా కొట్టు ఉంది. మిరపకాయల కోసం వారానికి రెండుసార్లు గుంటూరు వెళ్లొస్తాను. ఇన్నేళ్లలో పంక్చర్లు తప్ప బండికి పెద్దగా ఖర్చు పెట్టింది లేదు. మొన్న జూన్‌లో ట్యాంకు తాళం పట్టేస్తోందని మీ సర్వీస్ సెంటర్‌లో ఇస్తే తాళాల సెట్టు, దానితో పాటు ట్యాంకు మూత మార్చారు. తంటా అక్కడే మొదలైంది. ఆ సంగతి తెలియడానికి నాకు రెండు నెలలు, 5,340 రూపాయలు పట్టాయి.

ఊళ్లో తిరిగినంతసేపూ ఏమీ ఉండదు. వారధి మీదుగా హైవే ఎక్కి మంగళగిరి దాటేసరికి పికప్ పడిపోయి, రెండు జెర్కులిచ్చి ఆగిపోతుంది. ఎన్ని కిక్కులు కొట్టినా లేవదు. పది నిమిషాలు పక్కన పెడితే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. కొంత దూరం పోయాక మళ్లీ అదే వరస. వెనక మిర్చి మూట, పక్కనుంచి లారీలు. ఆ టెన్షన్ పడినవాడికే తెలుస్తుంది.

మూడుసార్లు మీవాళ్ల దగ్గరికి తెచ్చాను. మొదట ప్లగ్ మార్చారు, 280. రెండోసారి కార్బ్యురేటర్ కడిగారు, 560. పెట్రోల్ మంచిది కాదేమో, ట్యాంకు నిండా కొట్టించుకోమన్నారు. కొట్టించాను. ఈసారి మంగళగిరి దాకా కూడా పోలేదు, తాడేపల్లిలోనే ఆగింది. ఆ మాట చెప్పినా ఎవరూ ఆలోచించలేదు. మూడోసారి కార్బ్యురేటరే పోయిందని కొత్తది వేసి 4,500 తీసుకున్నారు. పాతది ఇవ్వమంటే స్క్రాప్‌లో పడేశామన్నారు. ప్రతిసారీ ట్రయల్ మాత్రం మీ సందులోనే ఒక్క చుట్టు!

చివరికి ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. పక్కన బీడీ కాలుస్తున్న మనిషిని ముందు దూరంగా పంపేశారు. కార్బ్యురేటర్‌కి వచ్చే పైపు ఊడదీసి, దాని కొస ఖాళీ వాటర్ బాటిల్‌లో పెట్టి ట్యాప్ తిప్పారు. పెట్రోల్ మొదట ధారగా పడింది. కాసేపటికి దారంలా సన్నబడింది. ఆ తర్వాత చుక్కలే. అప్పుడు ట్యాంకు మూత తీశారు. ‘స్స్’మని గాలి లోపలికి పోయింది, ధార మళ్లీ అందుకుంది.

నేను నవ్వాలో ఏడవాలో తెలియక నిలబడ్డాను. కొట్లో నూనె డబ్బాకు రెండో కన్నం పెట్టకపోతే నూనె సరిగ్గా దిగదని రోజూ చూసేవాణ్నే. ట్యాంకుదీ అదే లెక్క. పెట్రోల్ కిందికి పోయినంత మేర గాలి పైనుంచి రావాలి. మీరు వేసిన కొత్త మూతలో రబ్బరు వాషరు పక్కకు జరిగి గాలి కన్నాన్ని మూసేసింది. ట్యాంకు నిండుగా ఉంటే లోపల గాలికి చోటు తక్కువ కాబట్టి ఇంకా ముందే ఆగింది. బండిని నిలిపి ఉంచితే సందుల్లోంచి కాస్త గాలి చేరి, మళ్లీ లేచేది. ఆయన వాషరు సరిచేసి 100 తీసుకున్నారు. ఆ తర్వాత ఆరుసార్లు గుంటూరు వెళ్లొచ్చాను, ఎక్కడా ఆగలేదు.

ప్లగ్ డబ్బు అడగను, అది ఎలాగూ మార్చాల్సిందే. మిగతా 5,060 రూపాయలు వాపసు ఇవ్వాలి, మూత ఉచితంగా మార్చాలి. ఆగి మళ్లీ స్టార్టయ్యే బండి వస్తే స్పానర్ పట్టేముందు మూత తీసి చూడమని మీ మెకానిక్‌లకు చెప్పండి, దానికి ఖర్చేమీ లేదు. 15 రోజుల్లో జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. ఇంత చిన్న మొత్తానికి అక్కడ ఫీజు కూడా లేదని కనుక్కున్నాను.

బిల్లుల కాపీలు, పెట్రోల్ ధార ఆగిపోతున్న వీడియో జతచేశాను. పాత కార్బ్యురేటర్ ఇంకా మీ స్క్రాప్‌లోనే ఉంటే అది కూడా పంపించండి. దానికేమీ కాలేదు.

ఇట్లు,
మీ కస్టమర్