కొత్త స్విచ్ కొనేముందు

ప్రియమైన శ్రీనివాస్‌కు,

నీ ఉత్తరం నిన్న అందింది. మీ ఆఫీసులో ఫోల్డరు తెరవాలంటే రెండు మూడు సెకన్లు ఎదురుచూడవలసి వస్తోందనీ, కొత్త నెట్‌వర్క్ స్విచ్ (కంప్యూటర్లను కలిపే పెట్టె) కోసం యాజమాన్యానికి రాయబోతున్నాననీ అన్నావు. ఆ కాగితాన్ని దయచేసి ఒక వారం ఆపు. నిరుడు మా ఆఫీసులోనూ ఇదే ఇబ్బంది వచ్చింది, స్విచ్‌లో లోపమేమీ లేదని తేలింది.

నేను ఒక మధ్యాహ్నం పావుగంటసేపు నెట్‌వర్క్‌లో పోయే సందేశాలను పట్టి చూపే వైర్‌షార్క్ నడిపి, కంప్యూటర్లు పేర్లను వెతకడానికి వాడే యూడీపీ 137, 5355 పోర్టుల ప్యాకెట్లను మాత్రమే వడగట్టి చూశాను. తెర నిండా ఒకే పేరు కనిపించింది. అది మేము ఏనాడో తీసేసిన ఫైల్ సర్వర్ పేరు! సర్వర్ పోయినా, దాని మీదికి మ్యాప్ చేసిన డ్రైవ్‌లూ, డెస్క్‌టాప్ మీది షార్ట్‌కట్లూ మాత్రం అందరి కంప్యూటర్లలో అలాగే ఉండిపోయాయి.

అలాంటి ఒంటిపేరును (డొమైన్ లేని పేరును) విండోస్ ముందుగా డీఎన్ఎస్‌లో, అంటే పేర్లకు చిరునామాలు చెప్పే సర్వర్‌లో, వెతుకుతుంది. పేరు చివర తగిలించే సఫిక్స్‌ల జాబితాలో నాలుగు డొమైన్లు ఉంటే, ఆ నాలుగింటినీ వరుసగా తగిలించి అడుగుతుంది కాబట్టి అక్కర్లేని సఫిక్స్‌లను ముందే తీసెయ్యి. అక్కడ "లేదు" అనే జవాబు వచ్చినా అది ఊరుకోదు. ఎల్ఎల్ఎంఎన్ఆర్ (5355 పోర్టు), నెట్‌బయాస్ (137 పోర్టు) అనే పద్ధతులలో "ఈ పేరు ఎవరిది?" అని ఆ సబ్‌నెట్ (నెట్‌వర్క్‌లో ఆ కంప్యూటర్ ఉన్న భాగం) అంతటా దండోరా వేస్తుంది. నెట్‌బయాస్ ప్రశ్న 750 మిల్లీసెకన్ల ఎడంతో మూడుసార్లు వెళ్తుంది, అంటే జవాబు లేని ప్రతి పేరుకూ రెండు సెకన్లకు పైగా వృథా. నువ్వు రాసిన జాప్యం ఇదేనని నా అనుమానం. పైగా వైఫైలో ఇటువంటి దండోరాను యాక్సెస్ పాయింట్ అందరికీ వినబడేలా తక్కువ వేగంతో పంపుతుంది, అందువల్ల మిగతావారి పని కూడా ఆగుతుంది.

జాప్యం కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేది భద్రత. ఆ దండోరా విన్న ఏ దుర్మార్గపు యంత్రమైనా "ఆ సర్వర్‌ను నేనే" అని బదులిస్తే, అడిగిన కంప్యూటర్ దాన్ని నమ్మి, లాగిన్ కావడానికి ప్రయత్నిస్తూ, వాడుకరి పాస్‌వర్డు నుంచి పుట్టిన హాష్‌ను దాని చేతిలో పెట్టే ప్రమాదం ఉంది.

ఏది ముందు చేయాలన్న విషయంలో తొందరపడవద్దు. మొదట చచ్చిన పేర్ల షార్ట్‌కట్లను తొలగించి, బతికున్న ప్రతి ప్రింటరుకూ, సర్వర్‌కూ డీఎన్ఎస్‌లో రికార్డు ఉండేలా చూడు. ఆ తరువాతే అన్ని కంప్యూటర్ల అమరికలనూ ఒకేచోట నుంచి మార్చే గ్రూప్ పాలసీలో మల్టీకాస్ట్ నేమ్ రిజల్యూషన్‌ను (ఎల్ఎల్ఎంఎన్ఆర్‌నే) ఆపే అమరికను ఆన్ చేసి, కంప్యూటర్లకు ఐపీ చిరునామాలు పంచే డీహెచ్‌సీపీలో మైక్రోసాఫ్ట్ వెండర్ ఆప్షన్ 001కి 2 విలువ ఇచ్చి నెట్‌బయాస్‌ను ఆపించు. స్థిర ఐపీ ఉన్న యంత్రాలకు డీహెచ్‌సీపీ మాట చేరదు, వాటిని ఒక్కొక్కటిగా మార్చవలసిందే. నెట్‌బయాస్ ప్రమాణాలు 1987 నాటివి. ఆ పద్ధతినే నమ్ముకున్న పాత స్కానర్లు ఇంకా ఉంటాయి కనుక ముందుగా అయిదు కంప్యూటర్లలో చేసి, రెండు రోజులు గమనించు. మా అకౌంట్స్ విభాగంలోని స్కానర్ అలాగే మొరాయించింది. దానిలో సర్వర్ పేరు తీసేసి ఐపీ చిరునామా పెట్టాక కుదుటపడింది.

దసరాకు ఊరికి వస్తావు కదా, మార్పులకు ముందూ తరువాతా తీసిన వైర్‌షార్క్ క్యాప్చర్ ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లో తీసుకురా. మా అరుగు మీద కూర్చుని ఇద్దరం కలిసి చూద్దాం.

నీ
రమణ