చిన్నోడికి, బండి బుష్‌ల సంగతి

అనంతపురం

చి॥ చిన్నోడికి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగుండాము. వాన ఇంకా పడలేదు, శెనక్కాయ విత్తనాలు ఒలిచి పెట్టుకుని చూస్తాండారు. నీకని ఆవకాయ జాడీ ఒకటి ఎత్తిపెట్టినా. ఫోను చేస్తే ఎత్తక 20 రోజులాయ, అందుకే కాగితం తీసినా.

పోయిన వారం రాయచోటి అత్త వచ్చింది. గువ్వలచెరువు ఘాటులో వాళ్ళ కారు మన బండి వెనకే దిగిందంట. “వదినా, ముందు చక్రాలు ఒక దారిన, వెనక చక్రాలు ఒక దారిన పోతాండాయి” అనింది. నేను ఊ అని ఊరుకున్నా. ఆమెకు కాఫీ ఇచ్చి పంపినాక ఇంక పని మీద మనసు నిలవలేదు.

బండి నీది, నడిపేది నువ్వు, చెప్పడానికి నేనెవరు. పెద్దమ్మి కూతురికి సంబంధం చూస్తాండారు, అబ్బాయిది ఆదోని. ఆ బండి బ్రేకు తొక్కినప్పుడు కింద టక్కుమని దెబ్బ వినపడతాందా? నిలబడిన బండిని గేరులో వేసి కదిలించేటప్పుడు గూడా అదే దెబ్బ వస్తాందా? వెనక టైర్లు ఒక అంచునే తింటాండాయా? ఈ మూడింటికి జవాబు రాయి, ఇంకేం అడగను.

గాలి బెల్లోలు, అదే గాలి నింపిన రబ్బరు బుడ్డలు, బరువు మోస్తాయి, అంతే. యాక్సిల్‌ను, అదే వెనక చక్రాల ఇరుసును, దాని చోట పట్టి ఉంచేది రాడ్లు. కింద రెండు, పైన ఇంగ్లీషు వీ అక్షరం లెక్క ఉండే వీ రాడ్. ఆ రాడ్ల చివర గుండ్రటి కళ్ళలో, ఇనుప పిన్ను చుట్టూ ఉండే రబ్బరు బుష్‌లు పోతే యాక్సిల్ ముందుకూ వెనక్కూ జరుగుతాది. వీ రాడ్‌ది పోతే పక్కకూ పోతాది, పైగా యాక్సిల్ నడిమి పినియన్ ముక్కు పైకీ కిందకీ ఊగి, ఇంజను తిరుగుడును దానికి తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ వణకడం మొదలుపెడతాది. అప్పుడు అందరూ షాఫ్ట్ జాయింట్లు మారుస్తారు. రోగం ఒకచోట, మందు ఒకచోట.

మట్టంగా ఉన్న చోట నిలిపి, స్టీరింగు తిన్నగా పెట్టి, ముందు చక్రం నడిమి నుంచి వెనక చక్రం నడిమికి రెండు పక్కలా టేపు పట్టు. ఒకటే రావాల. తర్వాత చక్రాలకు ముందూ వెనకా కాస్త ఎడంగా చెక్కలు పెట్టి, గాలి నిండినాక హ్యాండ్‌బ్రేకు వేసి, ఇంకో డ్రైవరును గేరులో ముందుకూ వెనక్కూ కొంచెం నెట్టమను. నువ్వు పక్కన నిలబడి టార్చితో రాడ్ చివరలు చూడు, కిందకు దూరొద్దు. ఇంజను ఆపినాక గడ్డపారతో రాడ్‌కూ బ్రాకెట్‌కూ మధ్య నొక్కి చూస్తే రబ్బరు ఇనుమును వదిలేసిందీ లేనిదీ తెలుస్తాది.

సామాన్లకు బెంగళూరు జేసీ రోడ్డుకే పోతావు, నాకు తెలుసు. చాసిస్ నంబరు ఒకటే పట్టుకుని పోవద్దు. పాత బండి, ముందు ఓనరు రాడ్లు మార్చి ఉంటే ఆ నంబరుకు ఇచ్చే బుష్ మన కంట్లో కూర్చోదు. రాడ్ కంటి లోపలి వ్యాసం వెర్నియర్‌తో మూడు చోట్ల కొలువు. మూడూ ఒకటిగా రాకపోతే కన్ను సాగిందని, రాడ్డే మార్చాలని. పిన్ను పొడవు, దాని మీద బోల్టు రంధ్రాల సైజు, రెండు రంధ్రాల మధ్య దూరం, ఒక కంటి నడిమి నుంచి ఇంకో కంటి నడిమికి రాడ్ పొడవు, అన్నీ రాసుకో. రబ్బరు మాత్రం పాతదాన్ని చూసి కొలవొద్దు, అరిగింది కొలిస్తే అరిగిందే వస్తాది. కింద రాడ్లకు 4, వీ రాడ్‌కు 3, మొత్తం 7. వీ మొన దగ్గరది చాలా బండ్లలో వేరే సైజు, అది మరిచిపోయి మళ్ళీ బెంగళూరు పోయినోళ్ళు ఎంతమందో. బోల్టులూ లాక్ నట్లూ కొత్తవే, బోల్టు తలమీద గట్టితనం గుర్తు 10.9 అని ఉండేవి. బీరువాలో ఏళ్ళతరబడి పడున్న రబ్బరు అంటగట్టకుండా పిన్ను దగ్గర వేలితో గట్టిగా నొక్కి చూడు, సన్న పగుళ్ళు కనపడితే ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. మన ఎండకు మంచి రబ్బరే నిలబడదు. పోయినవి రెండే అయినా ఏడూ మార్చు.

గుత్తి చిన్నాయన సంగతి నీకు గుర్తుండదు, ఆరో తరగతి నువ్వు. మన అంగట్లోనే బుష్‌లు కొన్యాడు. నెల తిరగకముందే చినిగిన ఏడింటినీ గోనెసంచిలో తెచ్చి గల్లాపెట్టె ముందు కుమ్మరించినాడు. “తమ్మునికే నకిలీ సామాను అమ్మితిరే” అన్యాడు. అన్నం పెడతా అంటే తినలేదు. మీ నాయన ఒక్క మాట మాట్లాడకుండా ఒక్కొక్కటే తిప్పి తిప్పి చూసినాడు. కింద రాడ్ల నాలుగూ ఒకే పక్క ఏటవాలుగా చినిగినాయి, రెండో పక్క రబ్బరు కొత్తదానిలెక్క ఉంది. రబ్బరు చెడ్డదైతే చుట్టూ పొడి రాలాల గదా. “యాడ బిగించినారు?” అని అడిగినాడు మీ నాయన. షెడ్డులో బాడీ పైకెత్తి, చక్రాలు వేలాడేటప్పుడే నట్లన్నీ పూర్తిగా బిగించినారంట. అక్కడే పోయింది. ఆ బుష్ కంట్లో తిరగదు నాయనా, రబ్బరు మెలిక పడి విప్పుకోవడమే దాని పని. వేలాడేటప్పుడు బిగిస్తే, బండి కిందకు దిగి నిలబడేసరికే రబ్బరు సగం మెలిక తిరిగి ఉంటాది. ప్రతి గుంతా ఆ పక్కకే ఇంకాస్త మెలిపెడతాది. మీ నాయన ఇంకో ఏడు ఇచ్చి, తానే పోయి, బండి నేలమీద నిలబడినాక బిగించి వచ్చినాడు. చిన్నాయన ఆ బండి అమ్మేదాకా మళ్ళీ అవి మార్చలేదు.

నువ్వు గూడా రోడ్డు పక్క యాడో గ్యాసు పెట్టి పాత బుష్‌లు కాల్పిస్తాండావని ఒకడు చెప్పినాడు. ఎవడని అడగొద్దు. కాలిస్తే కంటి ఇనుము బలం పోతాది, ఆ పొగ విషం. హైడ్రాలిక్ ప్రెస్ ఉన్న చోటికి రాడ్ తీసుకుపో. లాక్ రింగు ఉంటే ముందు అది తియ్యి. ఒక రాడ్ తీసి, మార్చి, పెట్టినాకే ఇంకోదాన్ని ముట్టుకో, లేకుంటే యాక్సిల్ తిరిగి కూర్చుంటాది. బ్రాకెట్ దగ్గర సన్న రేకులుంటే ఎన్ని, యా పక్కవి అని రాసుకుని అట్లే పెట్టు. కన్ను ఎమెరీ కాగితంతో తుడిచి సబ్బునీళ్ళు పూసి నొక్కించు. గ్రీజు, డీజిలు వద్దు, రబ్బరు ఉబ్బుతాది. నొక్కకముందే పిన్ను చదును బ్రాకెట్‌కు సరిగ్గా తిప్పిపెట్టు. నట్లు చేత్తో పట్టించి, చక్రాలు నేలమీద పెట్టి, గాలి నింపి, బండి రోజూ నిలబడే ఎత్తుకు వచ్చినాక టార్క్ రెంచితో కంపెనీ పుస్తకంలో ఉన్నంత బిగించు. 1000 కిలోమీటర్లకు మళ్ళీ చూడు. అలైన్‌మెంటు చేయించు.

జాకీని నమ్మి కిందకు పోవద్దు. గాలి దిగితే బాడీ చప్పుడు లేకుండా కూర్చుంటాది. చాసిస్ కింద స్టాండ్లు పెట్టినాకే. రాత్రిపూట అసలే వద్దు, నిద్ర లేని కళ్ళతో.

అప్పుగానీ ఉంటే చెప్పు, అడిగినోళ్ళను తిట్టను. బుధవారం కడప బస్సుకు జాడీ ఇచ్చి పంపిస్తా, స్టాండుకు వచ్చి తీసుకో. తీసిన బుష్‌లు పారెయ్యొద్దు. 7టినీ సంచిలో వేసి, యాడిది యాడిదో సుద్దతో రాసి, అదే బస్సుకు పంపు. నేను చూస్తా.

మీ అమ్మ