పాలసీ కట్టినందుకా ఈ శిక్ష? కేంద్ర ఆర్థిక మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఆర్థిక మంత్రి గారికి నమస్కారాలు.

పెద్దవాళ్లకు ఆరోగ్య బీమా పాలసీ ఉంటే, క్లెయిమ్ రాక మనమే కట్టిన ఆసుపత్రి బిల్లుకు పన్ను మినహాయింపు ఇవ్వని షరతు ఒకటుంది. దాని మీద ఇంతకుముందు అర్జీలు పెట్టాను. కొన్నింటికి జవాబే లేదు. చివరిదానికి "మీ సూచనను నమోదు చేసుకున్నాం" అని ఒక్క వాక్యం పంపి, ఫిర్యాదు పరిష్కారమైందని మూసేశారు. ఏం పరిష్కారమైందో నాకు ఇప్పటికీ తెలీదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

ఆరోగ్య బీమా ప్రీమియానికి, పెద్దవాళ్ల వైద్య ఖర్చుకు ఆదాయపు పన్నులో మినహాయింపిచ్చే 80డి సెక్షన్ గురించి మీకు నేను చెప్పేదేముంది? సూటిగా నా బాధకే వస్తాను. మా నాన్నగారికి 67 ఏళ్లు. ఆయన పేరు మీద ఆరోగ్య బీమా తీసుకుని ఏటా 38,000 రూపాయల ప్రీమియం కడుతున్నాను. గుండెకు స్టెంట్ వేయాల్సొచ్చింది. బీపీ ముందునుంచీ ఉందట, అలాంటి పాత జబ్బులకు క్లెయిమ్ ఇవ్వని తొలి గడువు, అదే వెయిటింగ్ పీరియడ్, ఇంకా పూర్తి కాలేదట, కంపెనీ వాళ్లు క్లెయిమ్ తిరస్కరించారు. నాలుగు లక్షల పైచిలుకు బిల్లు నేనే కట్టాను. కార్డుతో కట్టాను, రసీదులన్నీ ఉన్నాయి. పోనీ పన్నులోనైనా కాస్త ఊరట దొరుకుతుందేమోనని ఆడిటర్ దగ్గరికి వెళ్తే ఆయన నవ్వాడు. పాలసీ అమల్లో ఉంది కాబట్టి వైద్య ఖర్చు చూపించకూడదట! ప్రీమియం 38,000 మాత్రమే చూపించుకోవాలట.

ఇప్పుడు మీరే లెక్క చూడండి. పెద్దవాళ్లకు ఏ పాలసీ తీసుకోకుండా ఊరుకున్న వాళ్లు ఆసుపత్రి ఖర్చు 50,000 దాకా చూపించుకోవచ్చు. ముందుచూపుతో పాలసీ కట్టిన నాకు 38,000. బీమా తీసుకోండి, తీసుకోండి అని ప్రకటనలిచ్చేదీ ప్రభుత్వమే, తీసుకున్నవాడి నెత్తిన ఈ మొట్టికాయ వేసేదీ ప్రభుత్వమే. పాలసీ ఉంటే ఖర్చు ఉండదని ఈ షరతు రాసినవారు ఎలా అనుకున్నారో గానీ, వారి ఇంట్లో ఎవరి క్లెయిమూ ఎన్నడూ తిరస్కరణకు గురికాలేదన్నది మాత్రం ఖాయం.

కొన్ని తీవ్రమైన జబ్బుల చికిత్స ఖర్చుకు మినహాయింపిచ్చే 80డిడిబి సెక్షన్ ఉంది కదా అంటారేమో. ఆ జాబితాలో క్యాన్సర్ ఉంది, కిడ్నీలు పూర్తిగా చెడిపోవడం ఉంది, హీమోఫీలియా ఉంది, గుండె జబ్బు లేదు. ఈ దేశంలో గుండె జబ్బులు అంత అరుదా, మంత్రి గారూ?

మినహాయింపులు తగ్గించి రేట్లు తగ్గించిన కొత్త పన్ను విధానంలోకి మారితే 12 లక్షల ఆదాయం దాకా పన్నే లేదు కదా అని ఇంకొందరు సలహా ఇస్తారు. నా జీతం ఆ గీత దాటింది. ఇంటి అప్పు వడ్డీకి మినహాయింపు దొరుకుతుందని పాత విధానంలోనే ఉన్నాను. అయినా కొత్త విధానంలో 80డి ఊసే లేదు, నాన్నగారి గుండెకు అక్కడ అసలు లెక్కే లేదు.

2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు. సంతోషం, కాదనను. క్లెయిమ్ ఇవ్వని పాలసీ చవగ్గా వస్తే నాకేమిటి? ఆదాయపు పన్ను చట్టాన్ని కొత్తగా రాయించి 819 సెక్షన్లను 536కి కుదించారు. అంత కత్తిరింపులోనూ ఈ షరతు భద్రంగా బతికి బయటపడింది!

నేనేమీ బిల్లంతా మీరు కట్టమనడం లేదు. 30 శాతం పన్ను శ్లాబులో ఉన్నవాడికి కూడా 50,000 మినహాయింపు వల్ల మిగిలేది, పన్ను మీద వేసే సెస్సుతో కలిపి, 15,600 రూపాయలు. అదీ 2018 బడ్జెట్లో పెట్టిన పరిమితి. అప్పటి ఆసుపత్రి బిల్లు, ఇప్పటి ఆసుపత్రి బిల్లు పక్కపక్కన పెట్టి ఒక్కసారి చూడండి. రాత్రిళ్లు తోడుండే ఆయాకు చేతికిచ్చిన డబ్బు సంగతి నేనెత్తడం లేదు, నగదుగా ఇచ్చింది మినహాయింపుకు పనికిరాదని నాకు తెలుసు.

దయచేసి ఆ షరతు తీసేయండి. కంపెనీ ఇచ్చిన తిరస్కరణ లేఖనే సాక్ష్యంగా తీసుకుని, కట్టిన బిల్లును ప్రీమియంతో సంబంధం లేకుండా విడిగా మినహాయించండి. పరిమితి పెంచండి. గుండె జబ్బును జాబితాలో చేర్చండి. ఇవేవీ కుదరవంటే, ఎందుకు కుదరవో రెండు ముక్కలు రాయండి. "నమోదు చేసుకున్నాం" అని మాత్రం మళ్లీ రాయించకండి.

ఇట్లు,
బీమా ఉండి కూడా బిల్లు కట్టిన ఒక పన్ను చెల్లింపుదారు