అటక మీద కార్డు

హైదరాబాద్,
26 జులై 2015, ఆదివారం

ఒరేయ్ శీనూ,

ముందు నాలుగు తిట్టుకో, తర్వాత చదువుదువుగాని. మార్చిలో నువ్వు రాసిన దానికి జులై చివర్లో జవాబిస్తున్నాను. మధ్యలో రెండుసార్లు మొదలుపెట్టాను, రెండుసార్లూ "ఇక్కడ అందరం క్షేమం" దగ్గరే ఆగిపోయింది. నిన్న జరిగింది వాట్సాప్‌లో చెబుదామని కూర్చుంటే బొటనవేళ్ళు లాగేశాయి గానీ కథ సీటీసీ (సికింద్రాబాద్‌లో కంప్యూటర్ల బజారు) మెట్లు కూడా ఎక్కలేదు. అందుకే ఇలా.

ఇంటి కబుర్లు గబగబా. అమ్మా నాన్నా కొవ్వూరులో పుష్కర స్నానం చేసొచ్చారు. మొదటి రోజే రాజమండ్రి వెళ్దామని అమ్మ పట్టు, మోకాలి నొప్పి వంకతో నాన్న ఆపారు. 14వ తారీఖు పొద్దున టీవీలో ఆ తొక్కిసలాట వార్త చూసి ఇంటికి ఎన్నిసార్లు ఫోన్ చేశానో లెక్క లేదు. ఒక్కసారీ లైను కలవలేదు. పదకొండు దాటాక నాన్న ఎత్తి "ఏంట్రా, టిఫిన్ చేస్తున్నాం" అన్నారు. దాని గురించి ఇంకేం రాయలేనురా. ఇంక్రిమెంట్ సంగతి అడక్కు. ఆ తణుకు సంబంధం సంగతి అస్సలు అడక్కు.

ఇక అసలు విషయం. నేను ఆర్నెల్లుగా, గేముల బొమ్మలు తెర మీద గీసే ఏ గ్రాఫిక్స్ కార్డు కోసం కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూస్తున్నానో, అది మా ఇంట్లో అటక మీదే ఉంది. బొమ్మల కొలువు పెట్టె పక్కన.

మొదటి నుంచీ చెప్తాను. 2012లో నేను కొన్న ఏఎండీ కంపెనీ కార్డు హెచ్‌డి 7850 గుర్తుందిగా, నీతో రాత్రి రెండు గంటలు ఫోన్లో వాదించి కొన్నది. ఈ సంక్రాంతికి అది మొండికేసింది. గేమ్ పెట్టిన అరగంటకి తెర నల్లబడిపోతుంది. దీని ఆయుష్షు తీరిందని నేనే తీర్పు చెప్పేసి, పీకి, అట్టపెట్టెలో పెట్టి అటకెక్కించాను. అప్పుడే ఎన్విడియా వాళ్ళ జీటీఎక్స్ 970 కొనేవాణ్ణి. సరిగ్గా అదే నెలలో దాని మెమరీ గొడవ బయటపడింది కదా, 4 జీబీలో చివరి అర జీబీ నత్తనడక అని. దానికితోడు ఏఎండీ కొత్తవి వస్తున్నాయని గుసగుసలు. సరే ఆగుదాం అనుకున్నాను. అంతవరకూ మదర్‌బోర్డు మీదున్న గ్రాఫిక్స్‌తోనే సర్దుకుందామని.

ఆ ఆగడం ఏ రకం ఆగడమో నీకు చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం డబ్బా తెరవగానే ఫోన్లో రూమర్లు. ఆర్9 390ఎక్స్ వస్తోందట. చిప్పు పక్కనే మెమరీని అంతస్తులు అంతస్తులుగా పేరుస్తారట, దాని పేరు హెచ్‌బీఎం అట. 4096 కోర్లట, అంటే లెక్కలు చేసే చిన్న చిన్న భాగాలు. చల్లబరచడానికి నీళ్ళ గొట్టాలట. ఇదిగో వచ్చే నెల, కాదు జూన్. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారే, ఆ సోమలింగానికి నేను ఉయ్యాల కూడా కట్టేశాను. ఆఫీసులో ఇద్దరు కార్డు కొంటామంటే "తొందరపడకండి, జూన్ దాకా ఆగండి" అని ఆపిన మహానుభావుణ్ణి. వాళ్ళిద్దరూ ఆగలేదు. హాయిగా కొనుక్కుని ఆడుకుంటున్నారు.

ఎండాకాలానికి ఇంకో రూమరు మొదలైంది. పైనున్న ఒక్కటే కొత్తది, కిందివన్నీ పాత చిప్పులకి కొత్త పేర్లేనని. నమ్మితేనా! నాకు నచ్చింది నిజం, నచ్చనిది పుకారు. (నువ్వు ఇక్కడ ఏ అమ్మాయి పేరు తలుచుకుంటున్నావో నాకు తెలుసు. నోరు మూసుకో.)

జూన్ 16న లాస్ ఏంజెలస్‌లో ఏఎండీ అధినేత లిసా సు వేదికెక్కింది. ఇక్కడ రాత్రి. అన్నం కంచం కీబోర్డు పక్కన పెట్టుకుని చూశాను. చిత్రమేంటంటే రూమర్లన్నీ నిజమేరా! హెచ్‌బీఎం నిజం, 4096 కోర్లు నిజం, నీళ్ళ గొట్టాలు నిజం. పేరొక్కటే తప్పు. దాని పేరు 390ఎక్స్ కాదు, ఫ్యూరీ ఎక్స్. 649 డాలర్లు. అంతకు రెండు వారాల ముందొచ్చిన జీటీఎక్స్ 980 టీఐది కూడా సరిగ్గా అదే ధర. మరి 390ఎక్స్ అంటే ఏంటయ్యా అంటే 2013 నాటి 290ఎక్స్. అవే 2816 కోర్లు. మెమరీ 4 నుంచి 8 జీబీ చేశారు, వేగం 1000 నుంచి 1050 మెగాహెర్ట్జ్ చేశారు, మెమరీ పరుగు కూడా కాస్త పెంచారు. అంటే మరీ ఉత్త పేరు మార్పని కొట్టిపారేయలేం, ఆ మాటకొస్తే... సరే, అది తర్వాత.

లోపలి పేర్లు చూస్తే నవ్వొస్తుంది. చిప్పులకి దీవుల పేర్లు పెడతారు కదా. హవాయి కాస్తా గ్రెనడా అయింది, టోంగా ఆంటిగువా అయింది, బోనెయిర్ టొబాగో అయింది. నా 7850లో ఉన్నది పిట్‌కెయిర్న్. అసలు పిట్‌కెయిర్న్ అనే దీవిలో ఉండేది యాభై మందో ఎంతో, మా అపార్ట్‌మెంట్ అంత కూడా లేదు. దానికిప్పుడు ట్రినిడాడ్ అని పేరు పెట్టారు, పది లక్షలమందికి పైగా ఉండే దీవి పేరు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అని ఊరికే అన్నారా!

నవ్వకు, నువ్వు నవ్వకూడదు. మన హాస్టల్ రూమ్ నంబర్ 14. నీ 9800 జీటీ. మన ప్రసాద్‌గాడి 8800 జీటీ. "తొమ్మిది ఎనిమిదికన్నా పెద్దదే కదరా" అని పది ప్లేట్ల ఇడ్లీ పందెం కట్టింది ఎవరు? రెంటిలోనూ 112 కోర్లే, రెండూ 600 మెగాహెర్ట్జే, ఒకే జీ92 చిప్పు. అర్ధరాత్రి ఫ్రేములు (సెకనుకి తెర మీద ఎన్ని బొమ్మలు మారతాయో) లెక్కపెట్టి ఓడిపోయాక నువ్వు సాంబారు మీద పెట్టిన నెపం ఈ జన్మలో మర్చిపోను. దాని పెద్దన్న 9800 జీటీఎక్స్ ప్లస్ కూడా 2009 మార్చిలో జీటీఎస్ 250 అని పేరు మార్చుకుని మళ్ళీ పెళ్ళికొడుకైంది. ఎరుపు జట్టా (ఏఎండీ) పచ్చ జట్టా (ఎన్విడియా) అని లేదు, రెండిళ్ళలోనూ ఇదే తంతు. అన్నీ తెలిసిన నేనే మళ్ళీ ఎలా పడ్డాను అంటావా? అదే నాకూ అర్థం కావట్లేదు. ఒక్కోసారి అనిపిస్తుంది, ఆ ఆర్నెల్లూ నేను కార్డు కోసం చూశానా, రోజూ కొత్త పుకారు కోసం చూశానా అని. గేమ్ గుర్తే రాలేదురా. సరే వదిలేయ్.

ఇప్పుడు నిన్నటి కథ. అక్క కొడుకు చంటిగాడు ఇంజనీరింగ్ కౌన్సెలింగని ఖమ్మం నుంచి వచ్చి నా దగ్గరే ఉంటున్నాడు. మాట తక్కువ, తిండి ఎక్కువ. పోయిన వారం అటక మీద దుప్పటి కోసం ఎక్కి ఆ పెట్టె దించాడు. "ఇదేంటి మామయ్యా?" అన్నాడు. "చచ్చిపోయిందిరా" అన్నాను. "ఓహో" అన్నాడు. అంతే, ఇంకో మాట లేదు. రెండు రోజుల తర్వాత నా టూత్‌బ్రష్ కనపడలేదు. నేను పనిమనిషిని అడిగాను!

నిన్న పొద్దున్నే సికింద్రాబాద్ వెళ్ళాం. పార్క్‌లేన్ అస్సలు మారలేదు, పార్కింగ్ కోసం మూడు చుట్లు తిరిగాం. సీటీసీలో మెట్లెక్కుతుంటేనే నా కోరికలు దిగడం మొదలైంది. ఫ్యూరీ ఎక్స్ పేరెత్తగానే కొట్టాయన నావైపు జాలిగా చూశాడు. 390ఎక్స్ ధర చెప్పాడు, నేను "ఊరికే అడిగాను" అన్నాను. 380 దగ్గర కాసేపు ఆగి, పర్సు గుర్తొచ్చి ఆర్7 370 దగ్గర తేలాను. "కొత్త సిరీస్ సార్, వచ్చి నెల దాటిందంతే" అంటూ పెట్టె తీసి బల్ల మీద పెట్టాడు. తళతళలాడుతోంది. రెండు ఫ్యాన్లు, పక్కన ఎర్ర గీత. నేను బ్యాంకు కార్డు తీసి పిన్ను కొట్టడానికి వేలు పెట్టాను, చూడు, వేలు మిషన్ మీద ఉంది.

"మామయ్యా, ఒక్క నిమిషం."

బ్యాగు జిప్పు తీశాడు. లోపల నా స్నానం తువ్వాలు. తువ్వాల్లో నా 7850! ఫ్యాన్ రెక్కల మధ్య దుమ్మంతా నా బ్రష్‌తో తోమేశాడు. చిప్పు మీద వేడి లాగే పేస్టు ఎండిపోయి గోడ సున్నంలా పెచ్చులూడుతోందట, అది గీకి బియ్యపు గింజంత కొత్త పేస్టు పెట్టాడట. ఇంట్లో నేను ఆఫీసుకెళ్ళాక రెండు గంటలు గేమ్ పెట్టి చూశాడట కూడా. "తెర నల్లబడలేదు మామయ్యా. వేడికి ఆగిపోయేదంతే." ఈ మాట మూడు రోజులుగా కడుపులో దాచుకున్నాడు వెధవ!

అక్కడితో ఆగాడా? "అన్నా, రెండూ ఒకసారి పెట్టి చూపిస్తారా?" అని కొట్టాయన్ని అడిగాడు. టెస్టింగ్ బల్ల మీద మూత లేని సిస్టం ఒకటుంది. ముందు నా పాతది పెట్టి కార్డు లోపలి వివరాలు చూపించే జీపీయూ-జడ్ ప్రోగ్రాం తెరిచారు. కోర్లు 1024. మెమరీ దారి 256 బిట్లు. 2 జీబీ. తర్వాత కొత్తది. 1024. 256. 2 జీబీ. నేను కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. తేడా అంతా వేగంలోనే, అది 860 మెగాహెర్ట్జ్, ఇది 975. మెమరీ 1200కి బదులు 1400.

కొట్టాయన చెడ్డవాడు కాదురా, నిజం చెప్పాలి. పెద్దగా నవ్వి, కుర్రాణ్ణి పంపి మూడు టీలు తెప్పించాడు. "ఏం చదువుతున్నావు బాబూ?" అని చంటిగాణ్ణి అడిగి, "ఆగండి, మధ్యవాడు కూడా ఉన్నాడు" అని లోపలికెళ్ళి దుమ్ము పట్టిన ఇంకో పెట్టె తెచ్చాడు. ఆర్7 265, పోయినేడాదిది. అదీ అదే చిప్పు! ముగ్గుర్నీ వరసగా బల్ల మీద పేర్చాడు. 2012, 2014, 2015. నాన్న పాత ఆల్బంలో అన్నదమ్ములు ముగ్గురూ ఒకే తానులో గుడ్డతో కుట్టించుకున్న చొక్కాలేసుకుని నిలబడ్డ ఫొటో ఉంటుంది చూడు, అచ్చం అలా. కాకపోతే ఇక్కడ మనిషి ఒకడే, చొక్కాలే మూడు. పెద్దవాడు అమెరికాలో 249 డాలర్లకి పుట్టాడు, తర్వాతి ఇద్దరూ 149కి. అంటే నిజానికి మోసమేం లేదు, చవకైంది కూడా. మొదటిసారి కొనేవాడికి మంచి బేరమే. ఇంట్లో అన్నని అటకెక్కించి తమ్ముణ్ణి కొనడానికి వచ్చిన నాలాంటి వాడికే ఇబ్బంది.

"ఎందుకన్నా ఇలా చేస్తారు?" అని అడిగాను, టీ తాగుతూ. "ఏం చేస్తారు సార్, 7970 కార్డు వచ్చినప్పటి నుంచీ చిప్పు తయారీ కొలత అదే 28 నానోమీటర్లు. 20 నానోమీటర్లది గ్రాఫిక్స్ చిప్పులకి అచ్చిరాలేదు. పైగా పీసీలు అమ్మే పెద్ద కంపెనీలకి ఏటా పెట్టె మీద కొత్త నంబరు కావాలి" అన్నాడు. ఆర్నెల్లు నేను డబ్బా చల్లారబెట్టుకుని చదివిందంతా రెండు గుక్కల్లో చెప్పేశాడు. చంటిగాడు అందుకుని, "చిన్నదైన 360కి ఫ్రీసింక్ (తెరనీ కార్డునీ ఒకే లయలో నడిపేది) ఉంది, 370కి లేదు మామయ్యా, దీని చిప్పు అంత పాతది" అన్నాడు. నేను బిస్కెట్టు తింటున్నట్టు నటించాను.

ఆ డబ్బుతో ఫైళ్ళు దాచుకునే వేగమైన డ్రైవు, అదే ఎస్ఎస్‌డీ కొన్నాం. మిగిలిన దాంట్లో బిర్యానీ. తువ్వాల్లోనే కార్డు వెనక్కి వచ్చింది. రాత్రి నేనే స్వయంగా బిగించాను. ఆ చిన్న క్లిప్పు టక్కుమని పడే చప్పుడు ఉంటుంది చూడు... ఆర్నెల్లయింది విని. బుధవారం విండోస్ 10 వస్తోంది కదా, అందులో గేములు నడిపే డైరెక్ట్ ఎక్స్ 12 ఈ ముసలాడి మీద కూడా నడుస్తుందట. ఇంకో రెండేళ్ళు లాగించొచ్చు.

అన్నట్టు ఒక మాట, ఎవరికీ చెప్పకు. వచ్చే ఏడాది ఫిన్‌ఫెట్ అనే కొత్త తరహా ట్రాన్సిస్టర్ల చిప్పులు వస్తాయని ఏఎండీ వాళ్ళే మేలో చెప్పారు. 28 నానోమీటర్లు పోయి ఒక్కసారిగా 14, 16 అంటున్నారు. అంటే ఈసారి పేరు కాదు, నిజంగానే లోపల... ఇది టైపు చేస్తుంటే వెనకనుంచి చదివి "మళ్ళీ మొదలెట్టావా మామయ్యా" అంటున్నాడు. వీడికి కాలేజీ ఎంత దూరంలో వస్తే అంత మంచిది.

నీ సంగతులేవీ అడగలేదు కదూ. పాపకి దగ్గు తగ్గిందా? వదిన ఆ ఉద్యోగం... అబ్బ, కుర్చీ ఊపేస్తున్నాడురా. గేమ్ ఇన్‌స్టాల్ అయిందట, లేవాలట. నా కార్డు, నా కుర్చీ, నా టూత్‌బ్రష్! ఫ్రేములు ఎన్ని వచ్చాయో రేపు

నీ
14వ నంబరు గాడు